అరవయ్యో నిమిషం తర్వాత

ప్రిన్సిపాల్ గారు ఫైలు నా బల్ల మీద పెట్టి
"లెక్కలు మీకే కదండీ తెలుసు" అన్నారు.
పదకొండు మ్యాచ్‌లు. రెండు గెలుపులు. ఒక డ్రా.
మిగిలినవి మీరే తీసివేసుకోండి.

గరివిడికి ఫుట్‌బాల్ తెల్లగా వస్తుంది,
వారం తిరక్కుండా మాంగనీసు రంగుకి మారుతుంది.
గ్రౌండుని గడ్డి అంటాం గానీ
ఆ మాట వానాకాలంలోనే దానికి నప్పుతుంది.

మొదటి గడి: ముఖ్య శిక్షకుడు, తాడ్డి పైడినాయుడు.
మెడలో ఈల, కాళ్లకి హవాయి చెప్పులు,
ఒకప్పుడు ఫ్యాక్టరీ జట్టుకి లెఫ్ట్ బ్యాక్.
క్రమశిక్షణ: పదికి తొమ్మిది.
వ్యూహం: ఇక్కడ పెన్ను ఆగింది.
మనిషి మంచివాడైతే వ్యూహం మంచిదైపోదు.
అందర్నీ ముందుకి తోలేసి
పెరటి తలుపు తీసి పడుకున్న ఇల్లు అతని ఆట.
రాజాం కుర్రాళ్లు ఆ తలుపులోంచే
నాలుగుసార్లు వచ్చి వెళ్లారు.
మూడు వేశాను. కొట్టేసి నాలుగు.
మళ్లీ మూడు.

రెండో గడి: సహాయ శిక్షకుడు, మజ్జి ధనుంజయ.
సర్టిఫికెట్టుంది, ల్యాప్‌టాప్ ఉంది,
తెర నిండా ఎర్రబాణాలు.
పిల్లలకి బాణం అర్థమవుతుంది,
బాణం మొన దాకా చేరే ఊపిరే చాలదు.

మూడో గడి: గోల్‌కీపర్ల శిక్షకుడు, కిల్లాన పోలినాయుడు.
గౌరవ వేతనంలో వేతనం పదినెలలుగా రాలేదు.
మిగిలిన మాటతోనే
రోజూ ఆరింటికి వస్తున్నాడు.

నేను గణాంకశాస్త్రం చెప్పేవాణ్ణి.
మన మీద పడ్డ గోల్స్‌ని
నిమిషాల వారీగా చేటలో పోసి చెరిగాను.
ఇరవై ఆరు.
అరవయ్యో నిమిషం దాకా ఏడు.
ఆ తర్వాత పంతొమ్మిది.

పైడినాయుణ్ణి పిలిచాను.
"ఏటి సేత్తాం మేస్టారూ,
గుంటలు పొందూర్లో ఏడింటికి పేసింజరెక్కుతారు,
తిన్నది సీపురుపిల్లి దాటకముందే అరిగిపోద్ది.
నాలుగింటికి ఆట. కాల్లు కదుల్తాయేటి?
నా యూహం మాటంటారా, అదీ తప్పే.
రాసీండి."

రాశాను.
మళ్లీ చేట తిప్పాను.
ఆ రెండు గెలుపులూ, ఆ డ్రా,
మూడింట్లోనూ చివరి అరగంటలో పడింది ఒక్కటే.
మూడూ మన గ్రౌండు మీదే. మూడూ బుధవారాలే.
బుధవారం ఏముంది?
ధనుంజయ ల్యాప్‌టాప్ తెరిచాడు.
పోలినాయుడు నవ్వాడు:
"బుధారం ఎర్నమ్మొస్తాది గదా?"

మరడాన ఎర్నమ్మ, ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి.
బుధవారం ఆవిడకి సెలవు.
జట్టులో ఆవిడ తాలూకు ఎవరూ లేరు.
హాఫ్ టైమ్‌లో గోల్‌పోస్టు వెనక
స్టీలు క్యాను నిండా చోడి అంబలి,
చితక్కొట్టిన ఉల్లిపాయ, ఒక్కో మాగాయ టెంక.
ఎందుకమ్మా అంటే
"పరిగెట్టీవోడు కాల్తోనే పరిగెడతాడేటి బావూ"
అని గ్లాసు కడుక్కుంది.

శాంపిల్ చిన్నది, తెలుసు.
మూడు మ్యాచ్‌లతో ఏదీ రుజువు కాదని
ఏటేటా సెకండియర్‌కి చెప్పేది నేనే.
ఒక బుధవారం వాన పడింది.
ఇంకో బుధవారం అవతలి జట్టు గోల్‌కీపర్‌కి జ్వరం.
అవీ రాశాను.
రాశాక స్కేలు తీసి
మూడో గడి కింద ఇంకో గడి గీశాను.
గీత కాస్త వంకర పోయింది.

"ఇది ఫార్మాట్‌లో లేదు కదండీ" అన్నారు ప్రిన్సిపాల్.
"పైడినాయుణ్ణి ఉంచాలా తీసెయ్యాలా,
ఆ ఒక్కటీ చెప్పండి."

కిటికీలోంచి గ్రౌండు కనిపిస్తోంది.
పైడినాయుడు ఈల నోట్లోంచి తీసి
ఇద్దరు కుర్రాళ్లని భుజాలు పట్టి
వెనక్కి నిలబెడుతున్నాడు.
వాళ్లు ముందుకి జరుగుతున్నారు,
మళ్లీ పట్టి నిలబెడుతున్నాడు.

ఎల్లుండి చెబుతానన్నాను.
రేపు బుధవారం.